పదింటి నుంచి పన్నెండింటి దాకా

నవంబర్ 12, మంగళవారం

ఇవాళ తల్లిదండ్రుల సమావేశంలో గులాబీరంగు కాగితం ఒకటి చేతిలో పెట్టారు. "హైస్కూలు దరఖాస్తు: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు." అందులో మొదటి మాట, మీ అమ్మాయికి తగిన బడిని శ్రద్ధగా ఎంచుకోండి, అని. నాకు నవ్వాగలేదు. పక్కనున్నావిడ తిరిగి చూసింది. మేమా ఎంచుకునేది? ఈ బరో పార్క్ యూదుల పేటలో ఏ తల్లి ఎంచుకుంది ఇప్పటిదాకా? బళ్ళు ఎంచుకుంటాయి. మనం పెళ్ళైన ఆడవాళ్ళ జుట్టు కప్పే విగ్గు, అదీ కొత్తది, దువ్వుకుని, చేతులు కట్టుకుని నిలబడతాం.

దరఖాస్తు పదకొండు పేజీలు. పిల్ల ఏం చదువుతుంది అన్నదానికి అరపేజీ. మిగతాదంతా మా గురించే. తండ్రి ఏ ప్రార్థనామందిరానికి వెళతాడు, ఎన్నింటికి వెళతాడు. ఇంట్లో ఇంటర్నెట్ ఉందా, ఉంటే ఎందుకుంది. తల్లి ఫోను మడిచేదా, వేలితో గీసేదా. తల్లి వేసుకునే మేజోళ్ళు ఎంత మందం. నా మేజోళ్ళకీ మా రైజెల్ లెక్కలకీ ఏమిటి సంబంధం?

తండ్రి వృత్తి దగ్గర "ఉదయం ధర్మశాస్త్రపఠనం, ఆ తర్వాత విద్యుత్ పనులు" అని రాశాను. మా ఆయన ఆన్షెల్ చదివి కళ్ళజోడు తీశాడు.

"ఉదయం ధర్మశాస్త్రపఠనమా? నేను బస్సులో చదువుకునేది కూడా లెక్కేనా?"

"లెక్కే," అన్నాను. అబద్ధమేమీ కాదు.

నవంబర్ 14

చివరి పేజీలో, మిమ్మల్ని పదేళ్ళకు పైగా ఎరిగిన, బంధువు కాని ఒక స్త్రీ పేరు, ఫోన్ నంబరు ఇవ్వమన్నారు. క్షణం ఆలోచించలేదు. పై అంతస్తు పెస్యా పిన్నిగారు. రైజెల్ పుట్టిన వారం నుంచీ చూస్తోంది. ఎనభై ఒకటో ఏట కూడా ఎవరి గురించీ చెడుమాట అనని మనిషి. అడగ్గానే నా చెయ్యి పట్టుకుంది. "రైజెల్ కోసమా? నేను చెయ్యగలిగింది ఇంకా ఏదైనా ఉంటే అదీ చేస్తానమ్మా," అంది.

ఇక్కడున్న మూడు బళ్ళలో రైజెల్‌కి నేను చదివిన బడి ఒక్కటే కావాలి. అక్కడ నిజమైన ప్రయోగశాల ఉంది. మిగతా రెండు బళ్ళలో సైన్సంటే తాళం వేసిన ఒక అల్మారా. పైగా మూడింటికీ పెడితే, మేం నీకు మూడోవాళ్ళమా అని ముగ్గురికీ మంట. ఒక్కదానికే పెట్టి అది కాదంటే, మిగిలిన ఇద్దరూ "వాళ్ళు వద్దన్న పిల్ల మాకెందుకు" అంటారు. పోయినేడు మా వీధిలో ఒక పిల్ల అక్టోబర్ దాకా ఇంట్లో కూర్చుంది. రోడ్డు మీద ఆ తల్లి ఎదురైతే అందరం వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళం. నేనూ అంతే.

ఒక్కదానికే పెట్టాం.

డిసెంబర్ 29, ఆదివారం. హనుక్కా

బాషీ వదిన ఇంట్లో దీపాల పండుగకి బంగాళదుంప అట్లు. ఆన్షెల్‌కి అక్క, నాకు ఆడబిడ్డ, ఆ బడిలోనే పంతొమ్మిదేళ్ళుగా చరిత్ర పాఠాలు చెబుతోంది. ఆ గొంతు కూడా పాఠం చెప్పే గొంతే, ఉప్పందించమన్నా పరీక్ష పెట్టినట్టుంటుంది.

దీపాల నూనె నీళ్ళ మీద ఎందుకు తేలుతుందని రైజెల్ అడిగింది. తేనె ఎందుకు తేలదని అడిగింది. మూడోది అడగబోతుంటే బాషీ అందరి ముందూ, "అబ్బ, ఆ నోటికో తాళం వెయ్యవే! నిన్ను ఏ బడి భరిస్తుందో చూడాలి," అంది.

అందరూ నవ్వారు. రైజెల్ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. గుర్తుపెట్టుకున్నాను.

జనవరి 14

ఇంటర్వ్యూ. ప్రిన్సిపల్ హోలెండర్ మేడమ్ మంచిగానే మాట్లాడింది. శనివారాలు, శబ్బాత్ మధ్యాహ్నాలు ఏం చేస్తావని అడిగితే, "పైనున్న పెస్యా మామ్మకి చిన్న అక్షరాలు కనబడవు, వారపత్రిక చదివి వినిపిస్తాను," అంది రైజెల్. నేను నేర్పింది కాదు. ఆవిడ ముఖం మెత్తబడింది. అక్కడితో లేచి వచ్చేస్తే ఎంత బాగుండేది!

"నువ్వేమైనా అడగాలా?"

"మీ ప్రయోగశాలకి కిటికీ ఉందా?"

హోలెండర్ మేడమ్ ఏదో రాసుకుంది. ఏం రాసుకుంది?

ఫిబ్రవరి 13, గురువారం

బడి నుంచి ఉత్తరం. స్థలాభావం వల్ల చేర్చుకోలేకపోతున్నందుకు విచారిస్తున్నారట.

ఫిబ్రవరి 13, మళ్ళీ

అన్ని ఇళ్ళకీ ఒకే సాయంత్రం ఉత్తరాలు వస్తాయి. ఏడున్నర నుంచి ఫోన్లు. రైజెల్ స్నేహితురాళ్ళు అవతల నుంచి కేకలు. "నీకూ వచ్చిందా? వచ్చింది కదా?" ఇది ఫోను పట్టుకుని, "మా ఉత్తరం ఇంకా రాలేదే," అంది. ఉత్తరం దాని ఒళ్ళోనే ఉంది. నాలుగుసార్లు చెప్పింది ఆ మాట, నలుగురికీ. తర్వాత వంటింట్లోకి వచ్చి నా వెనకాల నిలబడింది.

"అమ్మా, కిటికీ గురించి అడక్కుండా ఉండాల్సిందా?"

ఎవరైతే దీన్ని ఈ మాట అనేలా చేశారో వాళ్ళ నోట్లో దుమ్ము పడ.

ఫిబ్రవరి 15, శనివారం

శబ్బాత్ ముగిసింది. శబ్బాత్‌లో రాయకూడదు కనక ఇరవై ఐదు గంటలు పెన్ను ముట్టకుండా, ఈ కోపాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు రాస్తాను.

స్థలం లేకపోవడమేమిటి? మార్కులు తక్కువా? క్లాసులో రెండోది. కుటుంబం మంచిది కాదా? నేను ఆ బడిలోనే చదివాను. మరి? నిప్పు లేనిదే పొగ రాదు. లోపల ఎవరో మా గురించి ఏదో చెప్పారు. లోపలున్నది ఎవరు? మాకు తెలిసినవాళ్ళు లోపల ఒక్కరే ఉన్నారు. ఏ బడి భరిస్తుందో చూడాలి అన్నది ఎవరు?

ఆన్షెల్ ఒప్పుకోడు. "మా అక్క నోరు చెడ్డదే గానీ మనసు..."

"నోరు చెడ్డ ప్రతి మనిషికీ ఈ మాట చెప్పడానికో తమ్ముడుంటాడు," అన్నాను.

"అడిగితే పోయేదేముంది? నేను ఫోన్ చేస్తా."

"చేశావో, ఈ ఇంట్లో నీకు కాఫీ కూడా దొరకదు."

రైజెల్ తలుపు దగ్గరే ఉంది. అంతా వింది. వింటే విననీ. "అమ్మా, నిజంగా అత్తేనా?" అంది. దాని తప్పేమీ లేదని దానికి తెలియాలి కదా. తల్లిగా అది నా బాధ్యత. మీ అత్తే అన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను.

ఉత్తరం వచ్చాక మొదటిసారి ఇవాళ అది ఏడవకుండా పడుకుంది. కాబట్టి చెప్పడమే మంచిదయింది.

ఫిబ్రవరి 20, గురువారం

చేపలకొట్లో శబ్బాత్ రద్దీ. వరసలో నా ముందు మా వీధి సూరీ, వెనక ఇద్దరు. సూరీ ఊరుకోదుగా. "రైజెల్‌ని ఏ బడికి పంపుతున్నారు?" అని అందరికీ వినబడేలా అడిగింది. నేను కార్ప్ చేప తూకం వేయించుకుంటున్నాను. ఇంట్లోనే పామును పెట్టుకుని బయట తేళ్ళకి భయపడ్డాం అన్నాను. ఎవరని అడిగారు. చెప్పాను. ఆ బడిలో పాఠాలు చెబుతూ సొంత మేనకోడలి గొంతు కోసింది, అలాంటిదాని చేతిలో మీ పిల్లల్ని పెడుతున్నారు అన్నాను. సూరీ చెంపలు వాయించుకుంది. చేపలతను కత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

ఎంత తేలిగ్గా ఉందో ఇంటికి వస్తుంటే.

ఫిబ్రవరి 21

నేను చాడీలు చెప్పే మనిషిని కాను. ఉన్నమాట అన్నాను.

ఫిబ్రవరి 26

రెండో బడిలో "తరగతి నిండింది." మూడో బడిలో ఫోనే ఎత్తరు. పొద్దున రైజెల్ తన సైన్సు పుస్తకాలన్నీ మంచం కిందకి నెట్టేసింది. తీయమంటే, "ఎందుకు?" అంది.

నాకు ఈ బళ్ళ పట్టింపేమీ లేదు. పిల్ల ముఖం చూడలేకపోతున్నాను, అంతే.

మార్చి 4, మంగళవారం

హోలెండర్ మేడమ్ ఎట్టకేలకు ఇవాళ పదిముప్పావుకి పది నిమిషాలు ఇచ్చింది. కారణం చెప్పందే లేవనన్నాను.

"ఫ్రాడల్ గారూ, మీరు ఎవరి పేరిచ్చారో వాళ్ళకే ఫోన్ చేశాం. మీ పై అంతస్తావిడకి."

"అయితే?"

"'ఆ కుటుంబం గురించి నేనిప్పుడు ఏమీ మాట్లాడలేను, క్షమించండి' అని పెట్టేశారు. అంత పెద్దావిడ, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, మాట్లాడలేను అన్నారంటే... ఇంక మేం ఎవర్ని అడగాలి? మేమూ ఇంకెవర్నీ అడగలేదు."

మా వాళ్ళలో చెడ్డమాట ఎవరూ నోటితో చెప్పరు. "మాట్లాడలేను" అంటారు. దాంతో తలుపులన్నీ మూసుకుంటాయి. నాకా సంగతి తెలియదా? నేనూ ఒకటి రెండుసార్లు అన్నదాన్నే.

ఇంటికెలా వచ్చానో తెలియదు. పదిహేను సంవత్సరాలు! ఆవిడకి మందులు తెచ్చాను, ఆవిడ పైపు పగిలితే ఆన్షెల్ అర్ధాంతరంగా పని వదిలి వచ్చాడు, నా కూతురు ప్రతి శబ్బాత్ ఆవిడ ముందు కూర్చుని గొంతు పోయేదాకా చదివింది. మెట్లు రెండేసి ఎక్కాను. పదకొండుం పావు అయింది.

"పిన్నిగారూ! బడివాళ్ళు ఫోన్ చేస్తే మా గురించి ఏమన్నారు మీరు?"

ఆవిడ ముఖం వెలిగింది, తర్వాత కంగారు పడింది. వేలు పెదవుల మీద పెట్టుకుంది. గోడ గడియారం వైపు చూపించింది. "పన్నెండయ్యాక చెబుతానమ్మా. కూర్చో. టీ తాగుతావా?"

"టీ ఏమిటి? జవాబు చెప్పండి!"

తల అడ్డంగా ఊపింది. నేను అరిచాను. ఏమేం అన్నానో సగం గుర్తులేదు, కృతఘ్నురాలన్నాను, పామన్నాను, నాకు ఆ ఒక్క తిట్టే వచ్చినట్టుంది. ఆవిడ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవులు మాత్రం విప్పలేదు. టీ పోసి నా ముందు పెట్టింది. నలభై ఐదు నిమిషాలు ఇద్దరం ఆ బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. నేను లేచి పోవచ్చు. పోలేదు. పన్నెండు కొట్టగానే నీ సంగతి చూస్తాను అనుకుంటూ కూర్చున్నాను.

పన్నెండయింది. ఆవిడ ఫ్రిజ్ మీదున్న కాగితం తీసి ఇచ్చింది. నవంబర్ నుంచి మా వీధి ఆడవాళ్ళు కొందరు వంతులు వేసుకున్నారు. రోజుకి రెండు గంటలు, ఎదుట లేని మనిషి గురించి మంచిగానీ చెడ్డగానీ ఒక్కమాట మాట్లాడకుండా నోరు కాచుకోవడం. ఆ పుణ్యం ఎవరికి చెందాలో వాళ్ళ పేరు పక్కన రాస్తారు. జబ్బుపడినవాళ్ళ పేర్లున్నాయి, పెళ్ళి కావలసినవాళ్ళ పేర్లున్నాయి. పెస్యా పిన్నిగారి వరసలో, పదింటి నుంచి పన్నెండింటి దాకా, పెద్ద పెద్ద వంకర అక్షరాలు. రైజెల్, ఫ్రాడల్ కూతురు, బడిలో సీటు కోసం.

"పదిన్నరకి ఫోన్ చేశారమ్మా," అంది. "మంచి చెప్పడం మొదలుపెడితే నా నోరు ఎక్కడ ఆగుతుందో తెలియదు కదా. అది రైజెల్ పుణ్యం, నేనెలా పాడుచేస్తాను? పన్నెండు తర్వాత మళ్ళీ చేస్తారనుకున్నా. ఎవరూ చెయ్యలేదు. వేరేవాళ్ళని అడిగి సరిపెట్టుకున్నారనుకున్నాను. ఏమయింది? దానికి సీటు రాలేదా?"

ఆవిడకి తెలియదు. మూడు వారాలుగా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. సీటు వస్తుందని ఇంకా రోజూ రెండు గంటలు నోరు కట్టుకుని కూర్చుంటోంది.

నేనీ కోపాన్ని ఎక్కడ పెట్టుకోను?

మార్చి 5, బుధవారం

నిన్న నా ఎదుటే పిన్నిగారు బడికి ఫోన్ చేసింది. పదిహేనేళ్ళ సంగతులు ఒక్క గుక్కలో చెప్పింది. హోలెండర్ మేడమ్ అంతా విని, ఫోను నాకివ్వమంది.

"ఆ పొరపాటు మాది. మళ్ళీ అడిగి ఉండాల్సింది. ఒక సీటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది." ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను. "కానీ ఇంకో సంగతుంది. మా టీచర్ ఒకరి గురించి చేపలకొట్లో మీరన్న మాటలు మాదాకా వచ్చాయి. అలాంటి ఇంటి పిల్లని తీసుకోవాలా వద్దా అన్నది, ఆ టీచర్నే అడిగి చెబుతాను."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. చేపలకొట్టు నుంచి ఆ బడి నాలుగు వీధులే.

ఇవాళ బాషీ ఇంటికి వెళ్ళాను. వచ్చేవారం పూరీం పండుగ కదా, మూడు మూలల గసగసాల కజ్జికాయలు చేస్తోంది. మోచేతుల దాకా పిండి. తలుపు తీసి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"వచ్చావా? ఇవాళ చేపలకొట్టు మూసేశారా?"

"వదినా, తప్పయింది."

"ఏది? అనడమా, నాకు తెలియడమా?"

గుమ్మంలోనే నిలబెట్టింది. నిలబడ్డాను.

"మా బంధువుల పిల్లలెవరైనా దరఖాస్తు పెడితే ఆ ఏడాదంతా మమ్మల్ని అడ్మిషన్ల గది ఛాయలకి కూడా రానివ్వరు. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలియదు."

"అడిగావా?"

"లేదు."

"నా తమ్ముడు అడగలేదా?"

"అడుగుతానన్నాడు. నేనే వద్దన్నా."

"అవునులే. అడిగితే తిట్టే సరదా పోతుంది కదా నీకు." పిండి దులుపుకుంది. "మొన్న క్లాసులో ఒక పిల్ల లేచి అడిగింది, టీచర్, మీరు నిజంగా మీ మేనకోడలి గొంతు కోశారా అని. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఏం చెప్పాలో తెలియక క్లాసులోంచి బయటికొచ్చేశాను. అది నువ్వు నాకిచ్చిన పూరీం కానుకల బుట్ట."

తల దించుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను, కానీ తిడుతుంటే ఒళ్ళు మండింది, నిజం రాస్తున్నాను. హనుక్కా రోజు అందరి ముందూ నా పిల్లని అనలేదా, అని నాలిక చివరిదాకా వచ్చింది.

ఉన్నట్టుండి అడిగింది. "రైజెల్ ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది?"

"దానికేం చెప్పావు నా గురించి?"

"ఏమీ చెప్పలేదు," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఇంకా తిడుతుందనుకున్నాను. "సరే," అంది. "ఇంటికెళ్ళు." తలుపేసింది.

బడిలో చెబుతానని లేదు, చెప్పనని లేదు. అంతా అయిపోయినట్టే. నేనే చేశాను.

మార్చి 6, గురువారం

చేపలకొట్టుకి వెళ్ళాను. అదే వేళ, అదే రద్దీ. బాషీ ఏ పాపం ఎరగదు, నేనన్నదంతా అబద్ధం అని గట్టిగా చెప్పాను.

సూరీ నా చెయ్యి నిమిరింది. "అయ్యో పాపం, నీచేత ఇలా చెప్పించిందా! ఎంత బెదిరించిందో," అంది.

ఆ మనిషిని చేపతో కొట్టాలనిపించింది. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నామీద జాలిపడ్డారు.

మార్చి 9, ఆదివారం

సీటు వచ్చింది.

పొద్దున హోలెండర్ మేడమ్ ఫోన్. "మీ ఆడపడుచుగారు వచ్చారు. పిల్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. అది అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పగల టీచర్ మన దగ్గర ఉందో లేదో ముందు అది చూసుకోండి అన్నారు. మీ సంగతేమిటని అడిగాను. 'చేరేది పిల్ల. పిల్ల గురించి అడగండి' అన్నారు."

రైజెల్‌ని పిలిచి చెప్పాను. ఎగిరి గెంతింది. మంచం కింద నుంచి పుస్తకాలు లాగి ఒళ్ళో పోసుకుంది. దాన్ని అలా చూసి నెల కావస్తోంది. అక్కడితో ఆపేసి ఉండొచ్చు. కానీ నోరు తెరిచి చెప్పాను. మీ అత్త ఏ తప్పూ చెయ్యలేదు, పెస్యా మామ్మ ఫోను దగ్గర పొరపాటు జరిగింది, నేను తెలుసుకోకుండా నీకేదేదో చెప్పాను, ఈ సీటు ఇప్పించింది అత్తే, అని.

అది పుస్తకాలు ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"అమ్మా, నేను అత్తకి ఉత్తరం రాశాను."

"ఏం ఉత్తరం?"

"నువ్వు నా బతుకు పాడుచేశావు, నువ్వింక మా అత్తవి కాదు, నీకెప్పుడూ మంచి జరగకూడదు, అని."

"ఎవరు రాయమన్నారే నిన్ను?"

"ఎవరూ రాయమనలేదు. ఆ రోజు నువ్వన్న మాటలే రాశా. కొన్ని మాటలు రాయడానికి సిగ్గేసి వదిలేశా."

"ఎప్పుడు వేశావు పోస్టులో?"

"పోయిన సోమవారం కాదు, ఆ ముందు సోమవారం."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టాను. బుధవారం నేను వెళ్ళేటప్పటికి ఆ ఉత్తరం చేరి వారమైనా అయి ఉండాలి. అది చదివేసి, పిండి చేతులతో నాకు తలుపు తీసింది. దానికేం చెప్పావని అడిగింది. ఏమీ చెప్పలేదని ఆవిడ ముఖం మీదే అన్నాను. సరే అని, తలుపేసుకుని, ఎప్పుడో లేచి బడికి వెళ్ళి ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఉత్తరం సంగతి తమ్ముడికి కూడా చెప్పలేదు.

ఈ చలికాలమంతా ఎవరో ఒకర్ని తిట్టుకుంటూ బతికాను. బాషీ మీద ఇవాళ వస్తున్నంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒక్క మాట, ఆ రోజు గుమ్మంలో ఒక్క మాట అని ఉంటే, నీ కూతురు రాసిందిది చూడు అని నా ముఖాన కొట్టి ఉంటే, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ వీలు కూడా నాకు మిగల్చలేదు.

రైజెల్ కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అత్తింటికి ఇప్పుడే వెళ్దామంటోంది. ఒక్కతే వెళ్ళనంటోంది. వస్తున్నానన్నాను. అని పదిహేను నిమిషాలయింది. ఇది రాస్తూ కూర్చున్నాను.

"అమ్మా, ఇంకెంతసేపు రాస్తావు?"

లేస్తున్నాను.